లోపలికి రా, తడిసిపోతావ్

తన గొంతు టీవీలోంచి వినబడేసరికి వంటింట్లో ఆమె చేతిలో గిన్నె ఆగిపోయింది. కిటికీ దగ్గర బల్లమీద భర్త చేతిలో ఆకురాయి ఆగిపోయింది. సోఫాలో కాళ్ళు మడుచుకుని వీడియో గేమ్ ఆడుతున్న కూతురు మాత్రం ఎగిరి గంతేసింది.

"అమ్మా! వచ్చేశావ్! రా, రా, తొందరగా రా!"

గిన్నె చేత్తోనే పట్టుకుని ఆమె హాల్లోకి వచ్చింది. టీవీ నిండా ఓ ఊరు. రాళ్ళు పరిచిన ఏటవాలు సందు, దానికి రెండువైపులా పెంకుటిళ్ళు, వెనకాల ఎక్కడో నీలం రంగు కొండ. ఒక గుమ్మం ముందు మెట్టుమీద ముసలమ్మ ఒకతె ఆకులు కట్టలు కడుతూ కూర్చుంది. ముసలమ్మ తలెత్తి, "కాలు నొప్పా? ఈ ఆకు నూరి కట్టు, పొద్దున్నకి పరుగెత్తుతావ్" అంది.

"నేనేనా అది? ముక్కేంటే అంత పొడుగుంది?"

"గొంతొక్కటే నీదమ్మా. ముక్కు సంగతి నిన్నడగలేదు" అంది కూతురు.

అడగరు మరి. డబ్బింగ్ చెప్పేవాళ్ళని ముక్కులూ మూతులూ గురించి ఎవరూ ఎప్పుడూ అడగరు. హీరో తల్లి ఏడ్చినా, పక్కింటి పిన్ని తిట్టినా, గుంపులో ఎవరో "అయ్యో, పట్టుకోండి" అని అరిచినా ఆ గొంతు ఈమెదే. కూరల బజార్లో పక్కన నిలబడ్డవాళ్ళకి ఈమె ఎవరో తెలీదు. బేరానికి నోరు విప్పిందా, ఎక్కడో విన్నట్టుందే అని తల తిప్పుతారు. అలా తల తిప్పినవాళ్ళని చూడటం ఆమెకు సరదా. అందుకే అక్కర్లేని బేరాలు కూడా ఆడుతుంది.

ఆట పేరు "ఏడు గాలుల నేల". విడుదలై వారం కాలేదు. కూతురు పగలంతా ఆసుపత్రిలో జనం మోకాళ్ళు వంచి, చాపి, నడిపించే పని చేస్తుంది. సాయంత్రం ఇంటికి రాగానే నీలం దుప్పటి కప్పుకున్న మంత్రగత్తెగా మారిపోతుంది. కాళ్ళ కింద గాలిని పోగుచేసుకుని ఎగురుతుంది, నీటి మీద నిప్పు వేసి పొగమంచు లేపి ఆ మంచులో దాక్కుంటుంది. కనిపించిన కొండనల్లా ఎక్కుతుంది. దూరంగా కనిపించేది ఏదైనా సరే, నడుచుకుంటూ పోతే నిజంగా అక్కడికి చేరతామట. అదే ఈ ఆటలో గొప్పట.

"గొప్పే" అన్నాడు భర్త, ఆకురాయి మళ్ళీ అందుకుంటూ. ఆయనది తాళాల పని. వీధి చివర కొట్టు మూసినా పని మాత్రం ఇంటికి వెంట వస్తుంది. "గాల్లో ఎగిరేదాన్ని పట్టుకుని, ఊరూరా పుట్టగొడుగులు ఏరుకు రమ్మంటారేమిటే? నిన్న సాయంత్రమంతా చూశాను. ముందు ఒకాయన పది అడిగాడు. తర్వాత ఇంకొకావిడ ఇంకో పది. అంత మంత్రం వచ్చాక కూడా ఆ ఖర్మేంటి?"

"అదే నాన్నా ఇందులో పెద్ద లోపం" కూతురు ఒప్పేసుకుంది. "కథ నడవాలంటే చాకిరీ చేయాల్సిందే. చేసినా వాళ్ళు మళ్ళీ అదే మాట అంటారు. రాక్షసులు గోడల్లో ఇరుక్కుపోతారు. అయినా ఎగురుతున్నప్పుడు ఇవేవీ గుర్తుండవు."

టీవీలో ఆకాశం నల్లబడింది. మొదటి చినుకు రాళ్ళమీద పడింది. ముసలమ్మ చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని పైకి చూసి, "వాన పడేట్టుంది. లోపలికి రా, తడిసిపోతావ్" అంది.

ఆమె గిన్నె బల్లమీద పెట్టేసి సోఫా అంచున కూర్చుంది. "ఇది... ఇది నా మాటే!"

"అన్నీ నీ మాటలేగా."

"కాదే. వాళ్ళిచ్చిన కాగితంలో 'వాన పడేట్టుంది' అని మాత్రమే ఉంది. మిగతాది నేనే అన్నాను."

అలా అనడం అలవాటులో పొరపాటు. సినిమాకి చెప్పేటప్పుడు తెరమీద నోరు ఎంతసేపు ఆడితే అంతసేపూ మాట ఉండాలి. రాసిచ్చిన వాక్యం ముందే అయిపోతే ఏదో ఒకటి అతికించాలి. ఈ ఆటకి చెప్పినప్పుడు తెరా లేదు, నోరూ లేదు. మీరు ఎంత చెబితే బొమ్మ నోరు అంత ఆడిస్తాం అన్నారు. ఎక్కడ నిలబడి, ఎవరితో మాట్లాడుతోందో తెలియకపోతే ఆమెకు గొంతు పెగలదు. అందుకని కళ్ళు మూసుకుని తనే ఓ ఇల్లు కట్టుకుంది, ఆ ఇంటి గుమ్మంలో నిలబడింది. ఎదురుగా ఎవరో ఒక పిల్లో పిల్లాడో వానలో నిలబడ్డట్టు కనిపించింది. ఇంకేముంది, నోరు ఊరుకోలేదు. రికార్డింగ్ చేసే ఆయన గాజు వెనకనుంచి బొటనవేలు ఎత్తి చూపించాడు. ఎన్నో ఏళ్ళుగా పరాయి మాటలు చెబుతూ వచ్చిన మనిషి తెరమీది నోటి కోసం కాక, సొంతంగా అన్న మాట ఇదొక్కటే. అదిప్పుడు ఇంత పెద్ద ఆటలో, ఇన్ని ఇళ్ళల్లో వినబడుతోంది. సంతోషంతో ఆమె మొహం చేటంతయింది.

"సరే, పిలిచావుగా, వస్తున్నా" అని కూతురు మంత్రగత్తెని గుమ్మం దగ్గరికి నడిపించింది. తలుపు నెట్టింది. కదల్లేదు. మళ్ళీ నెట్టింది. మంత్రగత్తె తలుపుకేసి నడుస్తూనే ఉంది, కాళ్ళు ఆడుతున్నాయి, ఒక్క అడుగూ ముందుకు పడటం లేదు. వెనక వాన జోరందుకుంది.

"గడియ పెట్టుందేమో" అందామె.

భర్త కళ్ళజోడు నుదుటి మీదికి తోసి లేచి వచ్చాడు. టీవీకి మొహం ఆనించినంత దగ్గరగా వంగాడు. "మడతబందులేవీ? గొళ్ళెం ఏదీ? ఇది తలుపు కాదు, తలుపు బొమ్మ. గోడమీద గీసి వదిలేశారు."

"అన్ని ఇళ్ళూ ఇంతే నాన్నా. కొండలన్నీ ఎక్కొచ్చు గానీ ఇళ్ళల్లోకి వెళ్ళలేం. లోపల ఏమీ ఉండదు."

ముసలమ్మ మళ్ళీ చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూసింది. "వాన పడేట్టుంది. లోపలికి రా, తడిసిపోతావ్."

అదే ఆప్యాయత, అదే తీపి. కానీ ఈసారి వింటుంటే ఆమె చెవులకి చెంపదెబ్బలా తగిలింది. నోరు మంచిదైతే ఊరు మంచిది అంటారు. నోరు పిలిచి, ఊరు తలుపు తీయకపోతే ఏమనాలి? "చాల్లే, కట్టెయ్" అంది. "మనిషిని పిలిచి వాకిట్లో నిలబెట్టే రకాన్నా నేను?"

తెల్లారి టీ తాగుతున్నప్పుడు కూతురు ఫోన్ చేతికిచ్చింది. నవ్వాపుకుంటూ ఇచ్చింది. ఆట ఆడేవాళ్ళంతా ఒకచోట చేరి మాట్లాడుకుంటున్నారు, అదీ ఆ గుమ్మం గురించే. అంత ప్రేమగా పిలుస్తోందంటే లోపల తప్పకుండా ఏదో రహస్యం ఉంటుందని అందరి నమ్మకం. ఒకడు తలుపుకి నిప్పంటించాడు. ఇంకొకామె పొగగొట్టంలోకి దూకి ఇరుక్కుపోయి, ఆట మొత్తం మళ్ళీ మొదలెట్టుకుంది. ఇంకెవరో ఆ పుట్టగొడుగులన్నీ తెచ్చి మెట్టుమీద కుప్ప పోశాడు, లంచం కింద.

ఆమె కూడా నవ్వింది. ఒకచోట ఆగింది. "ఇదేంటి?"

"చదువు."

ఎవరో ఒకాయన రాసుకున్నాడు: నేను మంత్రాలేం వేయలేదు. రోజూ పని నుంచి వచ్చి, ఆ గుమ్మం ముందు వానలో నిలబడుతున్నాను. పిలిచింది కదా, ఎప్పుడో తీస్తుంది.

ఆమె నవ్వు ఆగిపోయింది. "పాపం! ఇంకా అక్కడే నిలబడ్డాడా?"

"ఆటలో బొమ్మమ్మా నిలబడేది! ఆయన హాయిగా సోఫాలో కూర్చుని ఉంటాడు."

"ఏమో. సోఫాలో హాయిగా ఉన్నవాడు ఇలా రాస్తాడా?"

ఆ మధ్యాహ్నమే ఫోనొచ్చింది. రికార్డింగ్ చేసే ఆయన పేరు ఎవరూ పలకరు. రోజంతా "సైలెన్స్, సైలెన్స్" అని అందరి నోళ్ళూ మూయిస్తాడు గనక సైలెన్సుగారు అంటారు. ఆయన మాత్రం వాగుడుకాయ. అలాంటి మనిషి ఆ రోజు నసిగాడు.

"పిన్నిగారూ, అదీ... ఆ వాన వాక్యం ఉందే... ఓసారి వచ్చి మళ్ళీ చెప్పాలిట. ఆ రెండో ముక్క లేకుండా."

"తీసేస్తారా?"

"నేనే కదండీ ఉంచింది. నన్నూ నాలుగు మాటలన్నారు. మీకెందుకు చెప్పడం, ఊరికే వచ్చి వెళ్ళండి."

ఆమె సరేనంది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచింది. ఉన్న ఒక్క మాటా పోతోంది. పోనీ పరాయివాళ్ళది పోతే ఏమీ అనిపించేది కాదు. సాయంత్రం భర్తకి చెబితే ఆయన తాళం ఒకటి విప్పి ముక్కలు బట్టమీద పరుచుకుంటూ, "పోతే పోనీవోయ్. ఆ తలుపెలాగూ తెరుచుకోదు. తెరుచుకోని తలుపు ముందు మాటెందుకు?" అన్నాడు. ఓదార్చాననే అనుకున్నాడు. ఆమె ఆ రాత్రి ఆయనతో ముక్తసరిగా మాట్లాడింది. ఎందుకో ఆయనకి అర్థం కాలేదు.

స్టూడియోకి వెళ్ళగానే ఆమె ముందు తాళంచెవుల గుత్తి సంచిలోంచి తీసి బయట బల్లమీద పెట్టింది. భర్త చేసిచ్చిన గుత్తి, ఊపిరి పీల్చినా గలగలలాడుతుంది. చేతి గడియారం విప్పింది. గోరువెచ్చని నీళ్ళు రెండు గుక్కలు తాగింది. గాజు అవతల సైలెన్సుగారి పక్కన ఇద్దరు కొత్తవాళ్ళు కూర్చున్నారు. ఒకాయన ఆట కంపెనీ పెద్ద. గడ్డం ఇంకా సరిగ్గా నిండలేదు గానీ అందరూ పెద్దాయన అనే పిలుస్తారు. రెండో మనిషి జుట్టు ముడిలో పెన్సిల్ గుచ్చుకున్న అమ్మాయి. ఆ ఊళ్ళో ఇళ్ళన్నీ ఆ అమ్మాయే కట్టిందట.

పెద్దాయన మర్యాదగానే మాట్లాడాడు. "తప్పు మీదని కాదు పిన్నిగారూ. ఎంత బాగా పిలిచారో! అదే మా కొంప ముంచింది. జనం గుమ్మం దగ్గరే ఆగిపోతున్నారు, కథ ముందుకెళ్ళట్లేదు. ఆ ఊళ్ళో ఏ ఇంటికీ లోపల లేదు. మీ ఇంటికి పెడితే రేపు అన్నిటికీ పెట్టమంటారు."

"నిజమే బాబూ. మరి వాళ్ళు వానలో ఎక్కడికి పోతారు?"

"వాళ్ళకి వాన తగలదండీ. ఆట కదా."

"వాన తగలనివాళ్ళు తలుపెందుకు కొడుతున్నారు?"

పెద్దాయన నవ్వేశాడు. నీళ్ళు తాగాడు. సైలెన్సుగారు ఎర్ర లైటు వేశాడు.

ఆమె కాగితం చప్పుడు కాకుండా మూల మడిచి పట్టుకుంది. చెప్పింది. "వాన పడేట్టుంది."

"పిన్నిగారూ, చివర్లో ఊపిరి మిగిలిపోతోంది."

నిజమే. ఆమె పీల్చిన గాలి పెద్ద వాక్యానికి సరిపడా గాలి. సగం దగ్గర ఆపేస్తే మిగతాది గొంతులో నిలబడి, ఏదో చెప్పబోయి మానేసినట్టు వినబడుతోంది. మళ్ళీ చెప్పింది. మళ్ళీ మిగిలింది. ఇన్నేళ్ళ పనిలో ఇంత చిన్న వాక్యానికి ఇన్నిసార్లు ఆగడం ఎప్పుడూ లేదు. సిగ్గనిపించింది. తన ముచ్చట తనది, పని పనే. చివరికి ఊపిరి కొంచెమే తీసుకుని, ఇంటిగుమ్మం వైపు కాకుండా ఖాళీ ఆకాశం వైపు చూస్తున్నట్టు ఊహించుకుని, పొడిగా అంది. వాతావరణ వార్తలు చదివినట్టు వచ్చింది. పెద్దాయన తృప్తిగా తలూపాడు.

గడియారం పెట్టుకుంటూ ఉంటే పెన్సిల్ అమ్మాయి దగ్గరకొచ్చింది. "పిన్నిగారూ, ఒకటి అడగనా? మొదటిసారి 'లోపలికి రా' అన్నప్పుడు... లోపల ఏముందనుకున్నారు?"

ఆ ప్రశ్న ఆమెను ఎవరూ ఎప్పుడూ అడగలేదు. సంచి కుర్చీలో పెట్టేసి చేతులతో చూపించడం మొదలెట్టింది.

"చిన్న గదే. ఎడమవైపు పొయ్యి, మంట చిన్నగా ఉంటుంది. దాని ముందు ముక్కాలిపీట. ఒక కాలు పొట్టిది, కింద చెక్కముక్క పెట్టుంటుంది. పైన దండెం, దండెం మీద దుప్పటి ఆరేసి ఉంటుంది. కిటికీ అద్దం ఒకటి పగిలితే గుడ్డ కుక్కింది, కొత్తది వేయించడానికి బద్ధకం. పిల్లి ఉంటుంది. ఒక చెవే, ఎక్కడో కొట్లాడి పోగొట్టుకుంది."

"ఇంకా? పెట్టెలాంటిదేమైనా? మంత్రాల పుస్తకం?"

"అవెందుకే తల్లీ? వానకి వచ్చినవాళ్ళకి తువ్వాలు చాలు. మేకుకి తగిలించి ఉంటుంది."

అమ్మాయి కళ్ళార్పకుండా వింది. "ఆ ఊళ్ళో ఎన్నో తలుపులు గీశాను పిన్నిగారూ. ఒక్కటి కూడా ఎవరూ కొట్టలేదు, మీది తప్ప" అంది. అని, పెద్దాయన పిలిస్తే వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చాక ఆమె, "తీసేశారు" అంది. కూతురు ఆ సాయంత్రం ఆ ఊరివైపు పోలేదు, మంచుకొండల మీదే ఎగిరింది. భర్త ఏదో పొరపాటు చేశానని గ్రహించినవాడిలా, ఆమె ఎప్పటినుంచో మొత్తుకుంటున్న వంటింటి బీరువా గొళ్ళెం బాగుచేసి, చేశానని చెప్పకుండా ఊరుకున్నాడు. ఆమె చూసింది, చూసినట్టు చెప్పలేదు. రాత్రి మాత్రం రెండో కప్పు టీ అడక్కుండానే ఇచ్చింది. అలా ఇంట్లో వాతావరణం తేలికపడింది. ఆ మాటకొస్తే బీరువా తలుపు హాయిగా మూసుకుంటోంది, పనికి పిలుపులొస్తున్నాయి, కూతురి చేతికింద నడవలేని ఒకాయన నడిచాడు. ఒక్క మాట పోతే పోయింది.

సెలవురోజు పొద్దున్న ఆటకి మార్పులొచ్చాయి. కూతురు వెళ్ళి ఏటవాలు సందులో నిలబడింది. వాన కోసం ఎదురుచూస్తోందని తెలిసి ఆమె వంటింట్లోనే ఉండిపోయింది. ఉన్న ఉల్లిపాయలన్నీ తరిగేసింది.

"అమ్మా, మబ్బేసింది."

"వెయ్యనీ. నాకు పనుంది."

చినుకుల చప్పుడు. తర్వాత ముసలమ్మ గొంతు.

"వాన పడేట్టుంది. లోపలికి రా, తడిసిపోతావ్."

ఆమె కత్తి చేత్తోనే వంటింటి గుమ్మంలోకి వచ్చింది. వార్తలు చదివిన గొంతు కాదది. ఊపిరి నిండా తీసుకుని చెప్పిన పాతదే. భర్త అప్పటికే టీవీ ముందు వంగి ఉన్నాడు.

"బందులున్నాయి! ఇదిగో, పైన ఒకటి, కింద ఒకటి! గొళ్ళెం కూడా ఉంది!"

"నాన్నా, అడ్డు జరుగు!"

తలుపు కిర్రుమంది. మంత్రగత్తె లోపలికి అడుగుపెట్టింది. వాన చప్పుడు వెనక్కి తగ్గింది. ఎడమవైపు పొయ్యి. ముక్కాలిపీట, ఒక కాలి కింద చెక్కముక్క. దండెం మీద దుప్పటి. పగిలిన అద్దంలో గుడ్డ. మేకుకి తువ్వాలు. పిల్లి ఒళ్ళు విరుచుకుని మళ్ళీ ముడుచుకుంది.

"పిల్లికి చెవులు రెండూ పెట్టేసింది, ఆ పెన్సిల్ దొంగపిల్ల" అంది ఆమె. కళ్ళనిండా నీళ్ళు. ఉల్లిపాయలవల్ల అనుకున్నారో ఏమో, ఎవరూ అడగలేదు.

సైలెన్సుగారికి ఫోన్ చేస్తే అవతల వాగుడు కట్టలు తెంచుకుంది. "మీరు కొత్తగా చెప్పింది నా దగ్గరే మూలుగుతోంది పిన్నిగారూ! ఆ అమ్మాయి ఎవరికీ చెప్పకుండా గది కట్టేసిందిట. పెద్దాయనకి గుమ్మం చూపించి, ఆట చేతికిచ్చి, లోపలికెళ్ళండి అందిట. వెళ్ళాడు. ఎంతసేపటికీ బయటికి రాలేదుట! తర్వాత, సరే, ఈ ఒక్క ఇంటికే, అన్నాడుట."

ఈలోగా కూతురు గదంతా వెతికేసింది. పొయ్యి కింద చూసింది, దుప్పటి ఎత్తింది, పిల్లిని కూడా కదిపింది. "ఏమీ లేదమ్మా. పెట్టె లేదు, మంత్రం లేదు, పుట్టగొడుగు కూడా లేదు. ఆడేవాళ్ళు అప్పుడే తిట్టడం మొదలెట్టారు. ఇంత గొడవా ఉత్త గదికా అని."

"ఇలా ఇవ్వు" అన్నాడు తండ్రి.

ఇంతవరకూ ఆ ఆటని వేలితో కూడా తాకని మనిషి ఆయన. కూతురు నోరు తెరిచి చూస్తుండగా ఆట రిమోటు చేతికి తీసుకుని, తాళంలో చెవి ఆడించినట్టు మెల్లిగా మీటలు కదిపాడు. మంత్రగత్తె గోడకి కొట్టుకుంది, గుండ్రంగా తిరిగింది, ఊరికే నిప్పు కక్కింది. పిల్లి పారిపోయింది. చివరికి ఎలాగో ముక్కాలిపీట మీద చతికిలబడింది. బయట వాన కురుస్తోంది. ముసలమ్మ లోపలికి వచ్చి పొయ్యికి అటువైపు కూర్చుంది. మంటకేసి చూసింది.

"ఏం అనదేం?" అన్నాడాయన.

"లోపలికొచ్చాక అనడానికి మాటలెక్కడివి నాన్నా? రికార్డు చేయించలేదుగా."

ఆమె వచ్చి సోఫాలో భర్త పక్కన కూర్చుంది. కత్తి బల్లమీద పెట్టి, ఊపిరి నిండా తీసుకుంది.

"వచ్చావా? కూర్చో. మేకుకి తువ్వాలుంది చూడు, ముందు తల తుడుచుకో. జలుబు చేస్తుంది."

ఆయన చెయ్యి తనకు తెలియకుండానే పైకి లేచి, పొడిగా ఉన్న తన తలని ఒకసారి నిమురుకుంది.

కాసేపు ముగ్గురూ మంటకేసి చూస్తూ కూర్చున్నారు.

"తలుపు వేసెయ్యనా?" అన్నాడాయన. "జల్లు కొడుతోంది. ఆ బందులకి కాస్త నూనె కూడా పెట్టాలి."

"వెయ్యకండి" అంది ఆమె. "రోజూ పని నుంచి వచ్చి నిలబడతాడే, ఆయన వస్తాడేమో."

మన ఆటలోకి వేరేవాళ్ళు రాలేరమ్మా అని కూతురు చెప్పబోయింది. చెప్పలేదు. తలుపు తీసే ఉంచారు.